సీరియల్ దీపాలే చెబుతాయి ఫోటో ఎందుకు చెదిరిందో

పండగ రాత్రి తీసిన ఫోటో మసకబారడానికి కారణాలు చాలా ఉంటాయి. ఏ ఫోటోను ఏ కారణం చెడగొట్టిందో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. అందులోని ఒక చిన్న బల్బును పెద్దది చేసి చూస్తే చాలు.

భిలాయ్‌లో పండగకు అందరికీ సెలవు దొరుకుతుందేమో కానీ బ్లాస్ట్ ఫర్నేసుకు దొరకదు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి నుంచి ఈ ఉక్కు పట్టణం షిఫ్టుల లెక్కన నిద్రపోతోంది, షిఫ్టుల లెక్కన మేలుకుంటోంది. దసరా నవరాత్రుల్లో సెక్టార్లలో దుర్గా మండపాలు వెలుగుతాయి. దీపావళికి క్వార్టర్ల పిట్టగోడల మీద సీరియల్ లైట్లు వేలాడతాయి. కానీ మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లిన మనిషి ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి మండపం చూడటానికి బయల్దేరేది ఆ తర్వాతే.

సోవియట్ యూనియన్ సహకారంతో కట్టిన ఈ కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా వెళ్లే రైలు దారి ఆ ఇళ్లకూ సొంత ఊళ్లకూ మధ్య బంధం. పండగకు అందరూ ఆ రైలెక్కలేరు. ఎక్కలేని వాళ్ల బదులు ఊళ్లో ఉన్న నాయనమ్మకు ఒక ఫోటో వెళుతుంది.

ఆ ఫోటో చిన్న తెరమీద బాగానే ఉంటుంది. ఫ్రేము కట్టిద్దామని స్టూడియోకు పంపితే అసలు సంగతి బయటపడుతుంది. నాన్న ముఖం అలుక్కుపోయి ఉంటుంది. వెనకున్న దీపాలు చుక్కల్లా కాకుండా గీతల్లా ఉంటాయి. పండగ మళ్లీ ఏడాదికి కానీ రాదు, ఆ రోజు నాన్నకు ఏ షిఫ్టు పడుతుందో ముందే చెప్పలేం. కాబట్టి ఒక్కసారిలోనే సరిగ్గా తీయడం ఎలాగో తెలుసుకోవడం మంచిదే. దానికి ఖరీదైన కెమెరా కన్నా కాస్త భౌతికశాస్త్రం ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పగటికీ రాత్రికీ మధ్య రెండు వేల రెట్లు

మిట్టమధ్యాహ్నం ఎండలో నేలమీద పడే వెలుతురు సుమారు 1,00,000 లక్సులు. దీపాలు కట్టిన మండపం ముందు నిలబడ్డ మనిషి ముఖం మీద 50 లక్సులు పడుతున్నాయని అనుకుందాం. పగటి వెలుతురులో ఇది రెండు వేలవ వంతు. మన కంటిపాప విప్పారి, రెటీనా తన సున్నితత్వాన్ని పెంచుకుని ఈ తేడాను మనకు తెలియనివ్వదు. కెమెరా మాత్రం ఈ లోటును ఎక్కడో ఒకచోట పూడ్చుకోక తప్పదు.

పూడ్చుకునే దారులు మూడు. లెన్సు రంధ్రాన్ని పెద్దది చేయడం మొదటిది. చాలా ఫోన్లలో ఆ రంధ్రం మారదు, ఎఫ్/1.8 దరిదాపుల్లో స్థిరంగా ఉంటుంది. సెన్సర్ మీద వెలుతురు పడే సమయాన్ని, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని పెంచడం రెండోది. సెన్సర్ ఇచ్చిన సంకేతాన్ని విద్యుత్ పరంగా పెద్దది చేయడం మూడోది. ఈ మూడోదాన్నే ఐఎస్‌ఓ అనే అంకెతో చెబుతారు.

లెక్క వేసి చూద్దాం. ఎండలో ఐఎస్‌ఓ 50 దగ్గర ఎఫ్/1.8 లెన్సుకు సెకనులో 4,000వ వంతు చాలు. అంత కాస్త సమయంలో చెయ్యి వణికినా, పిల్లాడు పరిగెత్తినా ఫోటోకు తెలియదు. మండపం ముందు అదే ఫోటోకు రెండు వేల రెట్ల సమయం, అంటే అర సెకను కావాలి. అర సెకనులో చెయ్యి వణుకుతుంది, జనం కదులుతారు, అవన్నీ ఫోటోలో నమోదవుతాయి. ఐఎస్‌ఓను 800కు పెంచితే సమయం పదహారో వంతుకు తగ్గుతుంది. అర సెకను కాస్తా దాదాపు 1/30 సెకను అవుతుంది.

మరి ఐఎస్‌ఓను ఇంకా పెంచుకుంటూ పోకూడదా? పోవచ్చు కానీ ఊరికే రాదు. వెలుతురు ఫోటాన్ల రూపంలో వస్తుంది. అవి వాన చినుకుల్లా అటూ ఇటూగా పడతాయి. ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు అందితే ఆ అంకెలో హెచ్చుతగ్గులు 100 దాకా ఉంటాయి, అంటే 1 శాతం. అది కంటికి కనిపించదు. 100 ఫోటాన్లే అందితే హెచ్చుతగ్గులు 10, అంటే 10 శాతం. నల్లటి ఆకాశం మీద ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలకు ముఖ్య కారణం ఇదే. ఐఎస్‌ఓ పెంచినప్పుడు కొత్త ఫోటాన్లు రావు, ఉన్న కొద్దిపాటి సంకేతంతోపాటు ఈ హెచ్చుతగ్గులూ పెద్దవవుతాయి. అందుకే ఫోన్ ఒక హద్దు దాకా ఐఎస్‌ఓ పెంచి, ఆ తర్వాత షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. చెదరడం అక్కడ మొదలవుతుంది.

బల్బు చెప్పే రోగం

చెదిరిన ఫోటో చూడగానే 'చెయ్యి షేక్ అయింది' అనేస్తాం. చాలాసార్లు అది నిజమే కానీ ప్రతిసారీ కాదు. జ్వరం అనగానే ఒకే మందు వేయలేనట్టే ఇక్కడా ముందు కారణం తేల్చుకోవాలి. పండగ ఫోటోల్లో ఆ పని సులువు, ఎందుకంటే సీరియల్ సెట్టులోని ఒక్కో బల్బూ నల్లటి నేపథ్యం మీద ఒక చిన్న వెలుగు చుక్క. ఆ చుక్క ఫోటోలో ఏ ఆకారంలో పడిందో చూస్తే షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఏం జరిగిందో తెలుస్తుంది.

ఫోటోను తెరమీద బాగా పెద్దది చేసి నాలుగైదు చోట్ల బల్బులను చూడండి.

అన్ని బల్బులూ ఒకేలాంటి కొక్కెంలానో, వంకర గీతలానో ఉంటే చెయ్యి కదిలింది. బల్బులు చక్కటి చుక్కల్లా ఉండి మనుషులు మాత్రం అలుక్కుపోతే చెయ్యి నిలకడగానే ఉంది, మనుషులు కదిలారు. బల్బులు గీతకు బదులు వరసగా తెగిన చుక్కలుగా పడితే చెయ్యి కదలడమే కాకుండా ఆ దీపాలు సెకనుకు ఎన్నోసార్లు ఆరి వెలుగుతున్నాయని కూడా అర్థం. బల్బులు గుండ్రటి బిళ్లల్లా ఉబ్బి ఉంటే ఫోకస్ తప్పింది. చుక్క స్పష్టంగానే ఉండి దాని చుట్టూ పాలపొర లాంటి వెలుగు పరుచుకుంటేనో, ఒకే దిశలో పొడవాటి కాంతి చార సాగితేనో లెన్సు అద్దం మీద వేలిముద్ర ఉంది. ఇది మాత్రం మెత్తటి నూలు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయే రోగం.

ఒక్కో రోగానికీ ఒక్కో మందు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

పదో వంతు డిగ్రీ చాలు

చేతి వణుకుతో మొదలుపెడదాం. 12 మెగాపిక్సెల్ ఫోటో అడ్డంగా 4,000 పిక్సెల్‌లు ఉంటుంది. ఫోన్‌లోని ప్రధాన కెమెరా అడ్డంగా దాదాపు 67 డిగ్రీల మేర చూస్తుంది. అంటే ఒక్కో డిగ్రీకి సుమారు 60 పిక్సెల్‌లు. షట్టర్ తెరిచి ఉన్నప్పుడు ఫోన్ డిగ్రీలో పదో వంతు తిరిగిందనుకుందాం. అది మన కంటికి ఆనదు, చేతికి తెలియదు. కానీ ప్రతి బల్బూ 6 పిక్సెల్‌ల గీత అవుతుంది.

నిలువుగా పట్టుకున్న ఫోన్ తెరమీద ఆ ఫోటో వెడల్పు ఆరేడు సెంటీమీటర్లకు మించదు. అక్కడ 6 పిక్సెల్‌లంటే 0.1 మిల్లీమీటరు, ఎవరూ పట్టించుకోరు. పది అంగుళాల వెడల్పున అచ్చు వేయిస్తే అదే గీత దాదాపు 0.4 మిల్లీమీటర్లు అవుతుంది. అప్పుడు నాన్న కనుబొమ్మ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. తెరమీద బాగున్న ఫోటో గోడమీద ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తీసిన వెంటనే అక్కడే పెద్దది చేసి చూసుకోమని చెప్పేది ఇందుకే. ఇంటికొచ్చాక చూసుకుంటే లాభం లేదు.

ఫిల్ము కెమెరాల కాలం నుంచి ఫోటోగ్రాఫర్లు వాడుతున్న ఒక మోటు లెక్క ఉంది. చేత్తో పట్టి తీసేటప్పుడు లెన్సు ఫోకల్ దూరం ఎన్ని మిల్లీమీటర్లో, సెకనులో అన్నో వంతు కన్నా ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచకూడదు. ఫోన్ ప్రధాన కెమెరా పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము లెక్కలో సుమారు 26 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. కాబట్టి 1/26 సెకను దాని హద్దు. మూడు రెట్లు జూమ్ చేస్తే అదే వణుకు 18 పిక్సెల్‌లకు పెరుగుతుంది, హద్దు 1/78 సెకనుకు కుదించుకుపోతుంది. రాత్రిపూట జూమ్ చేయడం కన్నా నాలుగు అడుగులు ముందుకు నడవడం మేలు.

చాలా ఫోన్లలో ఈ వణుకును తగ్గించే ఏర్పాటు కూడా ఉంటుంది. లోపలి జైరోస్కోప్ ఫోన్ ఎటు తిరుగుతోందో క్షణక్షణం కొలుస్తుంటే, చిన్న చుట్టలు, అయస్కాంతాలు లెన్సునో సెన్సర్‌నో దానికి ఎదురు దిశలో జరుపుతాయి. దానికి మన సాయం కూడా తోడైతే మంచిది. రెండు చేతులతో పట్టుకోవాలి, మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. ఊపిరి వదిలేసి, మళ్లీ పీల్చేలోపు తీయాలి. గోడో, స్తంభమో, నిలిపి ఉన్న స్కూటర్ సీటో దొరికితే ఫోన్‌ను దానికి ఆనించాలి. తెరమీద బటన్‌ను తాకడమే ఫోన్‌ను తిప్పేస్తుంది కాబట్టి మూడు సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. అందరూ సర్దుకుని నిలబడటానికి కూడా ఆ మూడు సెకన్లు పనికొస్తాయి.

పారిస్ వీధిలో మాయమైన జనం

చేతి వణుకుకు ఎన్ని మందులున్నా ఎదుటివాళ్ల కదలికకు అవేవీ పనిచేయవు. ఫోన్‌ను సిమెంటు దిమ్మెలో పాతిపెట్టినా నడుస్తున్న మనిషి అలుక్కుపోతూనే ఉంటాడు.

దీనికి అందరికన్నా పాత సాక్ష్యం ఫోటోగ్రఫీ పుట్టిన తొలి రోజుల్లోనే ఉంది. 1838లో లూయీ డాగేర్ పారిస్‌లో బులెవార్ డ్యు టాంప్ల్ అనే వీధిని పైనుంచి ఫోటో తీశాడు. పట్టపగలు, రద్దీ వీధి. అయినా ఫోటోలో వీధి నిర్మానుష్యంగా కనిపిస్తుంది. ఆనాటి వెండిరేకు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. అంతసేపట్లో బండ్లు, గుర్రాలు, నడిచే జనం ఎక్కడా ఆగకపోవడంతో ఎక్కడా నమోదు కాలేదు. వీధి మూల ఒక మనిషి మాత్రం మిగిలాడు. అతను తన బూట్లకు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు.

మండపం ముందు అంకెలు ఇలా ఉంటాయి. ఆరు మీటర్ల దూరంలో సెకనుకు 1.2 మీటర్ల వేగంతో అడ్డంగా నడిచే మనిషి ఫోటోలో సెకనుకు దాదాపు 690 పిక్సెల్‌లు జరుగుతాడు. షట్టర్ 1/4 సెకను తెరిచి ఉంటే 170 పిక్సెల్‌ల మేర సాగిపోతాడు, అంటే దయ్యంలా కనిపిస్తాడు. 1/30 సెకనుకు 23 పిక్సెల్‌లు, 1/50 సెకనుకు 14 పిక్సెల్‌లు, 1/125 సెకనుకు ఐదారు. రాత్రి వెలుతురులో ఫోన్‌కు 1/125 అరుదుగా దొరుకుతుంది. కాబట్టి మనం తీయాలనుకున్న వాళ్లు డాగేర్ వీధిలోని మనిషిలా ఆగాలి. 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెట్టి, మూడు తర్వాత కూడా ఒక్క సెకను కదలవద్దని పిల్లలకు చెప్పాలి. వెనక నడిచే జనం కాస్త అలుక్కుపోయినా పరవాలేదు. పండగ సందడి కాస్త కనబడుతుంది.

ఫ్లాష్ వేస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. వెలుతురు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న ముఖానికి అందే ఫ్లాష్ వెలుతురులో వందో వంతు మాత్రమే ఇరవై మీటర్ల వెనకున్న మండపానికి అందుతుంది. ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా పడతాయి, చూడటానికి వచ్చిన అలంకరణ వెనక చీకట్లో కలిసిపోతుంది.

దీపం కూడా రెప్ప వేస్తుంది

మూడో కారణం మన కంటికి అసలు కనిపించదు. మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది. ఒక్కో ఆవర్తనంలో రెండుసార్లు సున్నా మీదుగా పోతుంది. పాత ఫిలమెంట్ బల్బులో తీగ ఎర్రగా కాగి ఉంటుంది కాబట్టి ఆ లిప్తపాటులో చల్లారదు, వెలుగు కొంచెం మాత్రమే తగ్గి పెరుగుతుంది. ఎల్‌ఈడీకి అలాంటి వేడి నిల్వ ఉండదు. కరెంటు ఆగిన క్షణమే వెలుగూ ఆగుతుంది. ఎల్‌ఈడీ ఒకే దిశలో కరెంటును పోనిస్తుంది కాబట్టి, నేరుగా మెయిన్స్‌కు తగిలించే సాదా సెట్టులో అది సగం ఆవర్తనం మాత్రమే వెలిగి సెకనుకు 50 సార్లు రెప్ప వేస్తుంది. రెండు సగాలనూ వాడుకునే రెక్టిఫయర్ ఉంటే 100 సార్లు వేస్తుంది. మంచి అడాప్టర్ ద్వారా నిలకడైన డీసీ కరెంటు అందే సెట్టు రెప్ప వేయదు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చీకటి గదిలో సీరియల్ సెట్టును వెలిగించి, ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో 1/10 సెకనుకు పెట్టి, ఫోటో తీస్తూనే ఫోన్‌ను పక్కకు తిప్పండి. ఇక్కడ కావాలనే చెయ్యి కదిలిస్తున్నాం. ఒక బల్బు గీసిన దారిలో ముక్కలు లెక్కపెట్టండి. సుమారు అయిదు ఉంటే అది సెకనుకు 50 సార్లు వెలిగే సెట్టు. పది ఉంటే 100 సార్లు. తెగని గీత వస్తే దానికి నిలకడైన కరెంటు అందుతోంది. ఈ పరీక్షను తిరగేసి కూడా వాడుకోవచ్చు. చెదిరిన పాత ఫోటో ఒకదానిలో 100 సార్లు వెలిగే సెట్టు ఆరు ముక్కలుగా పడిందంటే ఆ ఫోటోకు షట్టర్ సుమారు 6/100 సెకను తెరిచి ఉంది. సీరియల్ సెట్టే గడియారం అవుతుందన్నమాట.

రెప్ప వేసే దీపాలు ఇంకో తంటా కూడా తెస్తాయి. చాలా ఫోన్ల సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. షట్టర్ సమయం మరీ తక్కువైతే కొన్ని వరసలు దీపం వెలిగినప్పుడు, మరికొన్ని ఆరినప్పుడు నమోదవుతాయి. ఫలితంగా ఫోటోకు అడ్డంగా నల్ల పట్టీలు పడతాయి, కొన్ని బల్బులు ఆరిపోయినట్టు కనిపిస్తాయి. వెలిగి ఆరే చక్రాలు షట్టర్ సమయంలో పూర్తిగా ఇమిడితే ఈ బాధ ఉండదు. సెకనుకు 100 సార్లు వెలిగే దీపానికి 1/100 సెకను, 50 సార్లు వెలిగేదానికి 1/50 సెకను ఉండాలి. రెండింటికీ కలిపి పనికొచ్చే అంకె 1/50.

1/50 అనే అంకె

ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నీ ఇక్కడ కలుస్తాయి. చేతి వణుకు హద్దు 1/26 సెకను, 1/50 దానికి లోబడే ఉంది. మెయిన్స్ కరెంటుతో ఆరి వెలిగే దీపాలకు 1/50 సరిపోతుంది. కదలకుండా నిలబడ్డ మనుషులకూ సరిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి భారతదేశంలో పండగ దీపాలను చేత్తో పట్టి తీయడానికి ఇది మంచి అంకె. అమెరికాలో ఉన్న బంధువులకు మాత్రం 1/60 అని చెప్పాలి, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్.

ఒక చిక్కు మిగిలింది. పైన వేసిన లెక్కలో ఐఎస్‌ఓ 800 దగ్గర కావలసిన సమయం 1/30 సెకను. 1/50 పెడితే ఫోటో కాస్త చీకటిగా వస్తుంది. అలా చీకటిగా రావడమే ఇక్కడ కావాలి. ఫోన్‌లోని వెలుతురు కొలమానం చట్రంలోని అన్నింటినీ సగటు చేసి, ఆ సగటును నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. రాత్రి చట్రంలో ఎక్కువ భాగం నల్లటి ఆకాశమే. ఆ నలుపును బూడిద రంగుగా మార్చడానికి ఫోన్ అనవసరంగా షట్టర్‌ను ఎక్కువసేపు తెరుస్తుంది. ఫలితంగా ఆకాశం వెలిసిపోతుంది, చెయ్యి వణుకు నమోదవుతుంది. బల్బులు కూడా రంగు పోగొట్టుకుంటాయి.

రంగు పోవడానికి కారణం సెన్సర్ నిర్మాణంలో ఉంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరున 1976లో పేటెంట్ వచ్చిన అమరికలో పిక్సెల్‌ల మీద సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం వడపోతలు ఉంటాయి. ఈ మూడింటి నిష్పత్తిని బట్టి రంగు తెలుస్తుంది. వెలుగు మరీ ఎక్కువైతే మూడు రకాల పిక్సెల్‌లూ అంచుదాకా నిండిపోతాయి. అప్పుడు నీలి బల్బయినా, ఎర్ర బల్బయినా తెల్లటి మచ్చగానే మిగులుతుంది.

ఈ రెండు బాధలకూ మందు ఒక్కటే. తెరమీద ఒక వెలుగుతున్న బల్బు దగ్గర వేలు నొక్కి ఉంచండి. ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ స్థిరపడతాయి. తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరిపి వెలుతురు తగ్గించండి. ప్రో మోడ్‌లో అయితే ఒక ఈవీ తగ్గించండి. ఒక ఈవీ తగ్గితే షట్టర్ సమయం సగమవుతుంది, చెదరడమూ సగమవుతుంది. ఆకాశం నల్లగానే ఉంటుంది, బల్బులకు రంగు తిరిగొస్తుంది. ముఖాలు చీకటిగా అనిపిస్తే వాళ్లను మండపం ద్వారం వెలుతురు ముఖం మీద పడేలా తిప్పి నిలబెట్టాలి. రాత్రిని పగలులా చూపించమని కెమెరాను అడగకపోవడమే సగం వైద్యం.

ఫోకస్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వెలుగు నీడల తేడా ఉన్న చోటే కెమెరా ఫోకస్ పట్టుకోగలదు. నల్లటి గోడ మీద అది తడుముకుంటుంది. బల్బుల వరుస అంచు మీద వేలు పెడితే దానికి పట్టు దొరుకుతుంది. మనుషులు ముందు ఉంటే వాళ్ల దుస్తుల అంచుమీదో, కళ్లజోడు మీదో వేలు పెట్టాలి.

నైట్ మోడ్ ఎప్పుడు, ఎప్పుడు వద్దు

ఈ గొడవంతా నైట్ మోడ్ చూసుకోదా? కొంతవరకు చూసుకుంటుంది. 2018లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో నైట్ సైట్ తెచ్చాక ఈ పద్ధతి అందరికీ పరిచయమైంది. ఇప్పుడు చాలా ఫోన్లలో ఏదో ఒక పేరుతో ఉంది. ఒకే పొడవాటి ఫోటోకు బదులు ఫోన్ వెంటవెంటనే చాలా చిన్న ఫోటోలు తీస్తుంది. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చేలా వాటిని జరిపి, అన్నింటినీ సగటు చేస్తుంది. ఫోటాన్ల హెచ్చుతగ్గులు ఒక్కో ఫోటోలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి సగటులో చాలావరకు కొట్టుకుపోతాయి. 16 ఫోటోలు కలిపితే ఇసుక చుక్కలు నాలుగో వంతుకు తగ్గుతాయి. ఒక్కో ఫోటో పొట్టిది కాబట్టి చేతి వణుకు కూడా తక్కువే.

అయితే ఈ సగటుకు కదలని దృశ్యం కావాలి. ఎవరూ లేని వేళ మండపం శిల్పకళ తీయాలంటే నైట్ మోడ్‌ను మించింది లేదు. ముందు పిల్లలు గెంతుతుంటే మాత్రం కొన్ని ఫోటోల్లో చెయ్యి ఇక్కడ, కొన్నింట్లో అక్కడ ఉంటుంది. ఏది నిజమో తేల్చుకోలేక ఫోన్ వేళ్లను చెరిపేస్తుంది లేదా రెండు చేతులుగా చూపిస్తుంది.

పరుగెత్తే దీపాలకు కూడా ఇదే చిక్కు. పశ్చిమ బెంగాల్‌లోని చందన్‌నగర్ దీపాల కళాకారులకు ఇలాంటి కదిలే బొమ్మల వల్ల దేశమంతటా పేరొచ్చింది. వందల బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ నెమలి పురి విప్పినట్టో, చేప ఈదినట్టో చూపిస్తాయి. రెండు మూడు సెకన్లు సాగే నైట్ మోడ్‌లో ఆ దశలన్నీ కలిసిపోయి నెమలికి అన్ని ఈకలూ ఒకేసారి వెలిగినట్టు పడుతుంది. కదలికలోని ఒక్క క్షణం కావాలంటే మామూలు మోడ్‌లో 1/50 వాడాలి. గెంతే పిల్లలకు కూడా నైట్ మోడ్ ఆపి, వెలుతురున్న చోట వరసగా పది ఫోటోలు తీసి మంచిది ఉంచుకోవాలి.

ఇరవై నిమిషాల నీలి వేళ

ఉదయం షిఫ్టులో ఉన్నవాళ్లకు ఇంకో అవకాశం ఉంది. నవంబరు మొదట్లో భిలాయ్‌లో సూర్యాస్తమయం సుమారు సాయంత్రం 5.30కి. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కిందికి దిగడానికి ఇంకో 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. ఆ మధ్య సమయంలో ఆకాశం నల్లగా కాకుండా ముదురు నీలంగా ఉంటుంది. దాని వెలుగూ, అప్పుడే వెలిగించిన దీపాల వెలుగూ దాదాపు సరితూగుతాయి. ముఖాల మీద అన్ని వైపుల నుంచీ మెత్తటి వెలుతురు పడుతుంది, షట్టర్‌కు తక్కువ సమయం చాలు. ఈ నీలి వేళ మన దగ్గర త్వరగా గడిచిపోతుంది. ఉత్తరాదికి, యూరప్ వైపుకు వెళ్లేకొద్దీ సూర్యుడు మరింత ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అక్కడ ఇంకాసేపు ఉంటుంది. దీపావళి నాడు దీపాలను ఆ వేళకే వెలిగించుకుంటే సాయంత్రం ఆరు లోపు మంచి ఫోటో చేతికొస్తుంది.

రాత్రి పదింటికి ఇల్లు చేరిన వాళ్లకు ఆ వేళ దొరకదు. వాళ్లకు 1/50 ఉంది.

మండపం ముందు ఒక్క నిమిషం

లోపలికి వెళ్లేముందు లెన్సు తుడవండి. జనం నడిచే దారికి పక్కగా, స్తంభం దగ్గర చోటు చూసుకోండి. రద్దీలో ట్రైపాడ్ కాళ్లు తట్టుకుని ఎవరైనా పడిపోవచ్చు, కాబట్టి స్తంభమే మన ట్రైపాడ్. జూమ్ వద్దు, ఫ్లాష్ వద్దు. ఇంట్లోవాళ్లను వెలుతురు వైపు ముఖం పెట్టి నిలబెట్టండి. ప్రో మోడ్ ఉంటే 1/50, ఐఎస్‌ఓ 800 పెట్టండి. లేకపోతే బల్బు మీద వేలు నొక్కి వెలుతురు తగ్గించండి. మూడు సెకన్ల టైమర్ పెట్టి, మోచేతులు ఆనించి, ఊపిరి వదిలి మూడు నాలుగు ఫోటోలు తీయండి.

తర్వాత అక్కడే, ఇంకా అందరూ పక్కనే ఉండగా, ఒక బల్బును పెద్దది చేసి చూడండి. అది చుక్కలా ఉంటే నాన్న ముఖం చూడండి. రెండూ బాగుంటే ఇంటికి వెళ్లవచ్చు. బల్బు కొక్కెంలా ఉంటే స్తంభానికి ఇంకాస్త గట్టిగా ఆనుకోవాలి. బల్బు చుక్కలా ఉండి నాన్న అలుక్కుపోతే తప్పు చేతిది కాదు, ఎనిమిది గంటల పని తర్వాత ఆయన నిలబడి తూగుతున్నారు. మండపం గట్టు మీద కూర్చోబెట్టి ఇంకొకటి తీయండి.